దారికడ్డం

కాటో పాతీసియా స్టేషన్లో లిఫ్టు పాడైంది.
కాగితం అంటించారు, తేదీ వెయ్యలేదు.
అది నాకు తెలిసిన కాగితమే,
పోయిన చలికాలం నుంచీ అక్కడే ఉంది.
తెలియనిదల్లా
ఈ మెట్లకి ఇంత బరువుంటుందని.

సూట్‌కేసు నాది కాదు, కింది వాటా స్తమాటియాది.
ఒక చక్రం ఎప్పుడో అలిగింది.
లాగిన వైపు రాదు,
తనకు తోచిన వైపు పోతుంది.
"ఎడంచేత్తో లాగు, మాట వింటుంది" అంది స్తమాటియా.
వినలేదు.

టాక్సీ పిలుస్తానన్నాడు అల్లుడు.
ముప్పై యూరోలు! వద్దన్నాను.
ఇరవయ్యారేళ్ళు ఇదే రైల్లో పైరియస్ వెళ్ళాను,
చేతిసంచీ, అందులో డబ్బాలో ఉడికిన చిక్కుడు గింజలు,
మడిచిన నీలం ఏప్రను.
నాకెవరు చెప్పాలి దారి?

ఎనిమిదింబావు రైలు.
తలుపు దగ్గరే ఇరుక్కుపోయాను.
సంతకి తోలుకెళ్ళే మేకపిల్లలా
మోకాళ్ళ మధ్య పెట్టె గుంజుకుంటోంది.

విక్టోరియాలో ఒకామె ఎక్కింది.
చేతిసంచీ, పని బూట్లు, నిద్ర చాలని కళ్ళు.
ముందు నా పెట్టెని చూసింది, తరవాత నన్ను.
ఆ చూపు నాకు తెలుసు.
అది నాదే.

ఆ చూపుతో నేను ఎన్ని పెట్టెల్ని కాల్చానో!
డచ్చివాళ్ళవి, జపాను వాళ్ళవి,
ఎండకి మెడలు కమిలిన ఇంగ్లీషు వాళ్ళవి.
"పనికెళ్ళే వేళే దొరుకుతుంది వీళ్ళకి" అని
వాళ్ళకి అర్థం కాదన్న ధైర్యంతో పైకే అనేదాన్ని.

ఆమె కూడా అంది. పైకే.

అమ్మా, నేనూ ఇక్కడిదాన్నే అనొచ్చు.
నోరు పెగల్లేదు.
ఓమోనియాలో ఒక కుర్రాడు వంగి
ఇంగ్లీషులో చెప్పాడు, బ్యాగు జాగ్రత్త మేడం, దొంగలుంటారని.
థ్యాంక్యూ అన్నాను.
ఆ పొద్దున నా ఊళ్ళో, నా రైల్లో
నేను పలికిన మొదటిమాట.

తావ్రోస్ దాటాక సీటు దొరికింది.

ఓడల దుప్పట్లకి ఇస్త్రీ నా పని.
ఆదివారం ఓడ వస్తే సోమవారానికి కొండ.
ఏ ఓడా లోపలినుంచి చూడలేదు గానీ
ఏ ఓడ వాళ్ళు మంచాల మీద కాఫీ ఒలకబోస్తారో,
ఏ ఓడ దిండుగలీబుల మీద
కాటుక మరకలు ఎక్కువో చెప్పగలను.
(సెలవుల్లో కూడా ఏడుస్తారు జనం. మొదటేడాది ఆశ్చర్యపోయాను.)
ఉద్యోగం చివరిరోజు యజమాని కవరిచ్చాడు.
నాలుగు రాత్రులు, కిటికీ లేని గది.
ఈ రాత్రి ముందు దుప్పటి మూల చూస్తాను.
నా బల్ల దగ్గరికొచ్చిన ఆర్తెమిసియా
కుడిమూల వదిలేస్తుంది, తొందర మనిషి.

పైరియస్‌లో దిగేటప్పుడు
చక్రం రైలుకీ గట్టుకీ మధ్య ఇరుక్కుంది.
తిట్టుకుంటూనే వెనక్కొచ్చింది ఆ విక్టోరియా ఆమె,
రెండో వైపు పట్టుకుంది.
వేళ్ళ సందుల్లో బ్లీచింగుకి పేలిన చర్మం.
"మెల్లిగానమ్మా, ఊడిపోతుంది" అన్నాను, మా గ్రీకులో.
ఆమె మొహం ఎర్రబడింది.
నాదీ అంతే అయుంటుంది.
ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఆమెకి ఆలస్యమవుతోంది.

రేవు బస్సులో నాలాంటి పెట్టెలే అన్నీ,
ఎవరి అడ్డం ఎవరికీ తెలీలేదు.
గుడారం కింద ఒకతను పెట్టెకి చీటీ కట్టి
అడక్కుండానే తీసుకుపోయాడు.
ఖాళీ చెయ్యి ఇంకా ఎడమకే లాగుతోంది.

పాస్‌పోర్టు కోసం వెతికితే
రైలు టికెట్టు తగిలింది.
తొంభై నిమిషాలది.
ఇంకా పదకొండు మిగిలాయి.
దాన్నే చూస్తూ నిలబడ్డాను కాబోలు,
వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

జరిగాను.